పక్కనే ఉన్న ఫ్యాను వేయడానికి ఇంటర్నెట్ ఎందుకు?

మీ ప్రశ్న చదివాను. అమలాపురం దగ్గర అమ్మానాన్నలు ఉంటున్న ఇంట్లో 8 స్మార్ట్ స్విచ్‌లు పెట్టించారు. మీరు బెంగళూరులో ఉంటున్నారు. నెట్ పోయిన రోజున నాన్నగారి ఫోనూ స్విచ్చూ ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఉన్నా యాప్ మాత్రం ‘డివైస్ ఆఫ్‌లైన్’ అంటోంది. ఇది కంపెనీల మోసమా, లేక సాంకేతికంగా తప్పనిదా అని అడిగారు.

రెండూ కొంత కొంత ఉన్నాయండి. క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉండే కంపెనీ సర్వర్, లేకుండా నిజంగానే జరగని పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లోనే జరిగిపోయే పనిని తయారీదారు తన వీలు కోసం బయటికి తీసుకెళ్లినవి మరికొన్ని. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ ఇంట్లో ఏది మార్చాలో, ఏది అలాగే ఉంచాలో మీకే తెలుస్తుంది. నేను భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల 18 ఏళ్లుగా ప్యానెల్ బోర్డులు, సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. ఇళ్లలోనే కాదు, రొయ్యల చెరువుల మీద కూడా. క్లౌడ్ మీద ఆధారపడితే ఏమవుతుందో నాకు బాగా తెలిసింది చెరువు గట్టు మీదే. ఆ సంగతి కూడా చెబుతాను.

ముందు మీరు బెంగళూరు నుంచి ఫ్యాను వేసే విషయం చూద్దాం. ఇక్కడ క్లౌడ్ అవసరం నిజమైనదే. ఇంటర్నెట్‌లో ఒకరిని చేరాలంటే చిరునామా కావాలి. పాత పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ4 నంబర్లు, ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 429 కోట్లే. వాటిని ఖండాల వారీగా పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. మన ఊళ్లలో ఇంటింటికీ ఫైబర్ వచ్చింది ఆ తర్వాతే కదా. అందుకని నెట్ ఇచ్చేవాళ్లు చాలా ఇళ్లను కలిపి ఒకే బయటి చిరునామా వెనక పెడతారు. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూఏఎన్ ఐపీ అని ఒక నంబరు ఉంటుంది. అది 100.64 నుంచి 100.127 లోపు నంబరుతోనో, 10తోనో మొదలైతే మీ ఇంటికి బయటి ప్రపంచంలో సొంత చిరునామా లేనట్టే. ఆ 100.64 వరసను 2012లో సరిగ్గా ఈ పని కోసమే విడిగా కేటాయించారు.

మన లంక గ్రామాలను గుర్తు చేసుకోండి. వంతెన లేని లంకలోకి గట్టు మీద నుంచి ఎవరూ నడిచి రాలేరు. లంకలోంచి పడవ బయల్దేరి రేవుకు రావాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఆ పడవలోనే సరుకైనా, కబురైనా వెళ్తుంది. మీ ఇల్లు అలాంటి లంక. మీ స్విచ్ కరెంటు అందగానే చేసే మొదటి పని, కంపెనీ సర్వర్ అనే రేవుకు ఒక పడవ పంపి అక్కడ కట్టేసి ఉంచడం. బెంగళూరులో మీ ఫోను కూడా ఇంకో లంకే. అది కూడా తన పడవను అదే రేవుకు పంపుతుంది. మీరు బటన్ నొక్కితే కబురు మీ పడవలోంచి ఇంటి పడవలోకి మారి లోపలికి వెళ్తుంది. రేవు లేకపోతే ఈ రెండు పడవలు కలుసుకునే చోటే లేదు. క్లౌడ్ చేసే మొదటి పని ఇదే.

ఆ పడవ ఊరికే కట్టి ఉండదు. కొంతసేపు ఏ కబురూ కదలకపోతే మధ్యలోని రౌటర్లు ఆ దారిని మరిచిపోతాయి. అందుకే స్విచ్ ప్రతి అర నిమిషానికో, నిమిషానికో ‘ఉన్నాను’ అని చిన్న సందేశం పంపుతూ ఉంటుంది. దీనికి ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు పైపులైన్ల మీద నిఘా కోసం దాన్ని తయారు చేశారు. శాటిలైట్ లింకు ఖరీదు కాబట్టి ఒక్క అక్షరం కూడా వృథా కాకూడదని అంత పొదుపుగా రాశారు. ఆ పొదుపు వల్లే ఇవాళ కొన్ని వందల రూపాయల స్విచ్‌లో కూడా అది ఇమిడిపోతోంది.

కొత్త పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ6 వస్తే ఈ ఇబ్బంది పోతుంది కదా అని కొందరు అంటారు. చిరునామాల కొరత పోతుంది, నిజమే. కానీ ఇంటి రౌటర్ బయటి నుంచి వచ్చేవాటిని అప్పుడు కూడా మామూలుగా లోపలికి రానివ్వదు. రానివ్వకూడదు కూడా. ఎందుకో చెబుతాను.

క్లౌడ్ లేని రోజుల్లో మేం సీసీ కెమెరాల డీవీఆర్‌లకు, అంటే రికార్డింగ్ డబ్బాలకు, పోర్ట్ ఫార్వర్డింగ్ చేసేవాళ్లం. అంటే బయటి నుంచి నేరుగా ఆ డబ్బాలోకి దారి తెరిచి పెట్టడం. పాస్‌వర్డ్ చాలాచోట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఉండేది. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఇలాంటి డీవీఆర్‌లు, కెమెరాలు, రౌటర్ల మీద అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లను వరసగా ప్రయత్నించి లక్షల పరికరాలను చేతిలోకి తీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలతో, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కూడా అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ వార్త చదివాక నేను పెట్టిన డీవీఆర్‌లన్నిటి దగ్గరికీ వారం రోజులు తిరిగి ఆ దారులు మూసి, పాస్‌వర్డ్‌లు మార్చాను. కాబట్టి పరికరమే బయటికి వెళ్లి రేవులో నిలబడటం, బయటివాడికి తలుపు తెరవకపోవడం అనేది భద్రతలో మంచి మెట్టేనండి. క్లౌడ్ అనగానే మోసం అనుకోకండి అని చెప్పడానికి ఇది రాశాను.

మాటతో లైటు వేయడం కూడా నిజంగా క్లౌడ్ పనే. అమెజాన్ ఎకో 2014లో వచ్చినప్పటి నుంచీ అదే తీరు. ‘అలెక్సా’ అన్న పిలుపు ఒక్కటే ఆ డబ్బాలో ఉన్న చిప్ గుర్తుపడుతుంది. ఆ తర్వాత మీరన్న మాట సర్వర్‌కు వెళ్లి, అక్కడ అక్షరాలుగా మారి, అర్థమయ్యాక ఆజ్ఞగా తిరిగి వస్తుంది. అమెరికాలో కొన్ని మోడళ్లకు మాటను డబ్బాలోనే అర్థం చేసుకుని రికార్డింగ్ బయటికి పంపకుండా ఉండే సెట్టింగ్ ఒకటి ఉండేది. 2025 మార్చి 28 నుంచి అమెజాన్ దాన్ని కూడా తీసేసింది. ఫోనుకు వచ్చే నోటిఫికేషన్లదీ ఇదే కథ. కాలింగ్ బెల్ మోగితే మీ ఐఫోనుకు తెలియాలంటే కబురు యాపిల్ సర్వర్ మీదుగానే రావాలి, ఆండ్రాయిడ్‌కైతే గూగుల్ మీదుగా. దీనికి పక్కదారి లేదనే అనుకోండి.

ఇక మీ అసలు బాధ. నాన్నగారి ఫోను, స్విచ్ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఇద్దరూ ఒకే లంకలో ఉన్న ఇరుగుపొరుగు. వీళ్లు మాట్లాడుకోవడానికి నది దాటక్కర్లేదు. రౌటర్ ఒక్కటి వెలుగుతుంటే చాలు. సాంకేతికంగా ఏ అడ్డమూ లేదు. ఫిలిప్స్ హ్యూ లైట్లను నడిపే బ్రిడ్జి అనే డబ్బా నెట్ లేకపోయినా ఇంట్లో పనిచేస్తుంది. షెల్లీ అనే కంపెనీ స్విచ్‌లకు నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోనే ఆజ్ఞ ఇవ్వొచ్చు. రకరకాల పేర్లతో అమ్ముడయ్యే చవక స్విచ్‌లలో చాలావాటి వెనక ఉన్నది చైనాలోని హాంగ్‌జౌకు చెందిన టుయా అనే ఒకే వేదిక. అందులో కూడా ఇంటిలోపల మాట్లాడుకునే దారి ఒకటి ఉంది, దానికి ‘లోకల్ కీ’ అనే రహస్య తాళం ఉంటుంది. అంటే సామర్థ్యం ఉంది. మరి ఎందుకు వాడరు?

దీనికి మొదటి కారణం శ్రమ. ఇంట్లోంచి ఒక దారి, బయటి నుంచి ఒక దారి అంటే ఒకే పనికి రెండు ప్రోగ్రాములు రాసి, రెండూ ఎప్పటికీ సరిచూస్తూ ఉండాలి. క్లౌడ్ దారి ఒక్కటే పెట్టుకుంటే ఇంట్లో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఒకే ప్రోగ్రాము సరిపోతుంది. ఇంటిలోపల పరికరాన్ని వెతికి పట్టుకోవడం కూడా వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ ఇళ్లలో తడబడుతుంది. ఫోను ఒక రౌటర్ మీద, స్విచ్ ఇంకో రౌటర్ మీద ఉంటుంది. గెస్ట్ వైఫై అయితే ఒక పరికరానికి ఇంకోటి కనబడదు. ఐఫోనులో 2020 నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతోంది. దానికి ‘వద్దు’ నొక్కినవాళ్లు ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లన్నీ కంపెనీకి ఖర్చు.

రెండోది చిప్. ఇలాంటి స్విచ్‌లలో విరివిగా వాడిన ఈఎస్‌పీ8266 అనే చిప్ 2014లో వచ్చింది. ప్రోగ్రామ్ తన లెక్కలు పెట్టుకోవడానికి అందులో ఉన్న జాగా సుమారు 80 కేబీ. మీ వాట్సాప్‌లో వచ్చే ఫొటో ఒకటి దానికన్నా పెద్దది. రిలే, అంటే కరెంటును కలిపే, తీసే లోపలి మీట, దాన్ని వేయడానికీ తీయడానికీ ఆ జాగా ధారాళంగా సరిపోతుంది. కానీ యూజర్లు, షేరింగ్, నెలవారీ కరెంటు లెక్కలు, ‘సూర్యాస్తమయానికి 10 నిమిషాల ముందు’ లాంటి షరతులు అన్నీ దానిలోనే పెట్టాలంటే ఇంజనీరు కష్టపడాలి. సర్వర్‌లో పెట్టేస్తే సులువు.

మూడో కారణమే నాకు నచ్చనిది. పరికరం మీకు ఒక్కసారే అమ్ముతారు. సర్వర్ ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. కొత్తగా కొనేవాళ్ల డబ్బుతో పాతవాళ్ల సర్వర్ నడపాలి, లేదంటే నెలవారీ చందా పెట్టాలి, లేదంటే మీరు ఏ గదిలో ఏ వేళకు లైటు వేస్తున్నారన్న సమాచారానికి విలువ కట్టాలి. ఈ మూడూ కుదరకపోతే ఒక రోజు సర్వర్ ఆపేస్తారు. రెవాల్వ్ అనే హబ్‌ను, అంటే ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపి నడిపే డబ్బాను, 300 డాలర్లకు, జీవితకాలం సేవ అని చెప్పి అమ్మారు. గూగుల్‌కు చెందిన నెస్ట్ ఆ కంపెనీని కొని, 2016 మే 15న సర్వర్ ఆపేసింది. డబ్బా పాడవలేదు, దానితో పని మాత్రం ఆగిపోయింది. వింక్ హబ్ 2020లో అంతవరకూ ఉచితంగా ఉన్నదానికి నెలకు దాదాపు 5 డాలర్లు అడిగింది. ఇన్‌స్టియాన్ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఏదో చెడిపోయిందనుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు మరీ ఇరుక్కుపోయారు. ఎందుకంటే మళ్లీ మొదటి నుంచి జత చేయడానికి కూడా ఆ సర్వరే కావాలి. చివరికి దాన్ని వాడుతున్నవాళ్లే కొందరు కలిసి ఆ జూన్‌లో కంపెనీని కొని బతికించుకున్నారు. అందుకే చెబుతున్నాను, స్విచ్‌లు హఠాత్తుగా ఆఫ్‌లైన్ అయితే వెంటనే రీసెట్ కొట్టకండి. ముందు నెట్ చూడండి, తర్వాత ఒక రోజు ఆగండి.

దూరం వల్ల ఆలస్యం అవుతుందా అని కూడా అడిగారు. అది అసలు సమస్యే కాదు. సర్వర్ ముంబైలో ఉంటే కబురు వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. అమెరికా తూర్పు తీరంలో ఉన్నా సుమారు పావు సెకను. బాధంతా వేగంతో కాదు, దారి ఉందా లేదా అన్నదానితోనే. 2025 అక్టోబరు 20న, దీపావళి రోజున మన మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో, అమెరికాలోని వర్జీనియాలో ఉన్న అమెజాన్ వెబ్ సర్వీసెస్ కేంద్రంలో ఒక డేటాబేస్ చిరునామా చెరిగిపోయింది. అలెక్సా, రింగ్ కెమెరాలతో సహా ఎన్నో సేవలు చాలామందికి గంటల పాటు నిలిచిపోయాయి. వాళ్ల ఇళ్లలో కరెంటు ఉంది, వైఫై ఉంది, పరికరం బాగానే ఉంది. సరిగ్గా ఎనిమిది రోజులకు, 28వ తేదీ రాత్రి, మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. మన దగ్గర ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది కాబట్టి స్తంభం ఒరిగితే కరెంటు, నెట్ రెండూ ఒకేసారి పోతాయి. కరెంటు వచ్చాక నెట్ కూడా వెంటనే వస్తుందన్న భరోసా లేదు. లైన్‌మెన్ స్తంభం నిలబెట్టి వైరు లాగి వెళ్లిపోయాక, తెగిన ఫైబర్ అతకడానికి వేరే మనుషులు రావాలి. డెల్టాలో ఉండేవాళ్లు ఈ మధ్య వ్యవధినే లెక్కలోకి తీసుకోవాలి. కరెంటు ఉండి నెట్ లేని గంటలు, ఒక్కోసారి రోజులు.

నాకు ఆ వ్యవధి ఏమిటో నేర్పింది ఉండి అనే ఊరి దగ్గర ఒక వనామీ రొయ్యల చెరువు. నాలుగేళ్ల కిందట ఆ రైతు కోసం నీటిలో గాలి కలిపే 12 ఏరియేటర్లకు ఒక స్మార్ట్ కంట్రోలర్ పెట్టాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ తిరగాలని షెడ్యూల్. రొయ్య గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. పగలు నీటిలోని పచ్చ, అంటే కంటికి కనబడనంత సన్నని నాచు, ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే పచ్చ, రొయ్యలు, అడుగున ఉన్న మట్టి అన్నీ కలిసి ఆక్సిజన్ తినేస్తాయి. తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. లీటరుకు 4, 5 మిల్లీగ్రాములు ఉండాల్సింది 3 కన్నా కిందికి దిగితే రొయ్యకు ప్రమాదం. ఏరియేటర్ ఆ వేళలో తిరగకపోతే మూడు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఆ రాత్రి పదకొండున్నరకు ఈదురుగాలి వచ్చి కరెంటు పోయింది. కాపలా మనిషి జనరేటర్ వేశాడు. రెండు దాటాక కరెంటు వచ్చింది. జనరేటర్ కట్టేసి, ఇక ఆటోలో తిరుగుతాయనుకుని షెడ్డులోకి వెళ్లి పడుకున్నాడు. అవి తిరగలేదు. కంట్రోలర్ తిరిగి వెలిగింది, కానీ నెట్ లేదు. దానికి బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమ్ ఎంతయిందో నెట్‌ను అడిగి తెలుసుకునే రకం. టైమ్ తెలియదు, షెడ్యూల్ సర్వర్‌లో ఉంది, కాబట్టి రిలే ఆఫ్‌లోనే ఉండిపోయింది. అలారం? ఆ అలారం పంపాల్సింది కూడా నెట్ మీదుగానే. భీమవరంలో ఉన్న రైతు ఫోనులో ‘ఆఫ్‌లైన్’ అని ఉంది. వారానికి రెండుసార్లు కనబడే మాటే కాబట్టి ఆయన పట్టించుకోలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు కాపలా మనిషి లేచి చూస్తే రొయ్య పైకి తేలి గట్టు మూలకు చేరుతోంది. చేత్తో స్టార్టర్లు వేశాడు. సగానికి పైగా దక్కింది. మిగిలినదాన్ని కౌంట్, అంటే అమ్మకానికి తగిన సైజు, రాకుండానే అర్జంటుగా పట్టి తక్కువ ధరకు ఇచ్చేశారు.

కంపెనీకి ఫోన్ చేస్తే ‘మా కంట్రోలర్ సరిగ్గానే పనిచేసింది, నెట్ లేకపోవడం మా బాధ్యత కాదు’ అన్నారు. వాళ్లను ఎంత అనాలో అంతా అన్నాను. కానీ పెట్టింది నేను. టైమ్ ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది అన్న ప్రశ్న కొనేముందు నేను అడగాల్సింది. ఆ రైతు ఇప్పటికీ నాతోనే పని చేయించుకుంటున్నారు, ఆ మంచితనం నేను మరిచిపోను.

ఆ తర్వాత అన్ని చెరువుల మీదా పద్ధతి మార్చాను. షెడ్యూల్ బ్యాటరీ నిల్వ ఉన్న మామూలు టైమ్ స్విచ్‌లో ఉంటుంది. కరెంటు పోయినా దాని గడియారం ఆగదు. స్మార్ట్ కంట్రోలర్ రిలేను నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్ మీద కలిపాను. అంటే కంట్రోలర్ చచ్చిపోతే మోటారు ఆగదు, తిరుగుతుంది. ఆక్సిజన్ అనవసరంగా ఎక్కువైతే పోయేది కరెంటు బిల్లు, తక్కువైతే పోయేది చెరువు. ఫేజ్ తేడా వస్తే మోటారును ఆపే ప్రివెంటర్ మాత్రం సిరీస్‌లో అలాగే ఉంచాను, ఫేజ్ పోతే మోటార్లు కాలకూడదు కాబట్టి. కరెంటు రాగానే పన్నెండూ ఒకేసారి లోడ్ లాగకుండా ఆన్ డిలే టైమర్లతో విడివిడిగా లేచేట్టు చేశాను. అలారానికి సిమ్ కార్డు డబ్బా పెట్టాను, ఫేజ్ పోయినా మోటారు కరెంటు తీసుకోకపోయినా నేరుగా ఫోన్ చేస్తుంది. మన వరి రైతులు బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్ అని ఏళ్ల తరబడి వాడుతున్నది ఇదే. దానికి టవర్ ఉంటే చాలు, ఏ కంపెనీ సర్వరూ బతికి ఉండక్కర్లేదు. క్లౌడ్ ఇప్పటికీ ఉంది. ఇంట్లో కూర్చుని ఎన్ని తిరుగుతున్నాయో చూసుకోవడానికి.

మీ ఇంటికి కూడా అదే లెక్క వేసుకోండి. మీరు ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఒక పరీక్ష చేయండి. ఫైబర్ డబ్బా, వైఫై రౌటర్ వేరుగా ఉంటే మధ్యనున్న కేబుల్ తీసేయండి. రెండూ ఒకే డబ్బా అయితే ఫైబర్ పిన్ను నెమ్మదిగా లాగి మూత పెట్టండి. దాని కొనను ముట్టుకోవద్దు, లోపలికి చూడొద్దు. వైఫై వెలుగుతూనే ఉంటుంది, నెట్ ఉండదు. ఐదు నిమిషాలాగి యాప్‌లో స్విచ్ వేయండి. తర్వాత మెయిన్ ఒకసారి కట్టేసి మళ్లీ వేసి, నెట్ లేకుండానే గోడ మీద స్విచ్‌లు పనిచేస్తున్నాయో, పెట్టిన షెడ్యూల్ వేళకు నడుస్తోందో చూడండి. ఈ రెండో పరీక్ష ఎవరూ చేయరు. ఉండి చెరువు మీద నేనూ చేయలేదు.

గోడ స్విచ్ పనిచేయకపోతే మాత్రం దాన్ని వెంటనే మార్పించండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. అమ్మానాన్నలు అర్ధరాత్రి లేచి బాత్రూమ్ లైటు వేసుకోవడానికి ఫోను వెతుక్కోకూడదు. మీవి అద్దం టచ్ ప్యానెళ్లయితే ఆలోచించాలి. పాత స్విచ్ వెనక అమర్చే చిన్న మాడ్యూల్ అయితే దానికి ఎస్1, ఎస్2 అని రెండు పాయింట్లు ఉంటాయి. పాత స్విచ్ వైరు వాటికి కలిపితే నెట్ ఉన్నా లేకపోయినా చేత్తో వేసుకోవచ్చు. చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ కావాలి. మన పాత మండువా ఇళ్లలో, పెంకుటిళ్లలో స్విచ్‌బోర్డు దాకా న్యూట్రల్ తెచ్చి ఉండదు. ఎలక్ట్రీషియన్ ఎర్తు వైరును న్యూట్రల్‌గా కలిపేస్తానంటే ఒప్పుకోకండి, అది ప్రాణాపాయం. గీజర్‌కు మాత్రం 16 ఆంపియర్ల మాడ్యూల్ ఉండాలి, ‘పవర్ ఆన్ స్టేట్’ అనే సెట్టింగ్ ‘ఆఫ్’లో ఉండాలి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడల్లా ఎవరూ వేయకుండానే అది వెలుగుతుంది.

రౌటర్, ఫైబర్ డబ్బా రెంటికీ చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది, పెట్టండి. మీ ఫిర్యాదుల్లో చాలా భాగం దానితోనే తగ్గుతుంది, ఎందుకంటే ఇంట్లో కరెంటు పోతే రౌటర్ ఆరి, తిరిగి లేచి, స్విచ్‌లన్నీ మళ్లీ రేవుకు చేరేసరికి ఐదారు నిమిషాలు పడుతుంది.

అన్నీ ఇంట్లోనే ఉంచుకునే దారి హోమ్ అసిస్టెంట్. 2013లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, పాత ల్యాప్‌టాప్‌లోనో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనో నడుస్తుంది. నేను మా ఇంట్లో అదే వాడతాను, ఇష్టంగా వాడతాను. కానీ మీకు వెంటనే పెట్టమని చెప్పను. అది చెడితే సరిచేసే మనిషి ఇంట్లో ఉండాలి. కరెంటు తరచూ పోయేచోట మెమరీ కార్డు మీద నడిపితే కార్డు పాడవుతుంది, ఎస్ఎస్‌డీ వాడాలి. అమ్మానాన్నలు ఇద్దరే ఉండే ఇంట్లో అర్థంకాని పెట్టె ఒకటి కూర్చోబెట్టి మీరు బెంగళూరు వెళ్లిపోతే ఆ టెన్షన్ వాళ్లకు.

కొత్తగా కొనేవి ఉంటే పెట్టె మీద మ్యాటర్ గుర్తు ఉందో లేదో చూసి కొనండి. 2022 అక్టోబరులో వచ్చిన ప్రమాణం ఇది. యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అందరూ ఒప్పుకున్నది. దాని ఆజ్ఞలు ఇంటి నెట్‌వర్క్‌లోనే నడుస్తాయి. నెట్ లేకపోయినా ఇంట్లోవాళ్ల ఫోను నుంచి పనిచేయాలన్నదే దాని ఉద్దేశం. దానికి ఇంట్లో ఒక కంట్రోలర్, అంటే ఒక హబ్బో స్పీకరో ఉండాలి. బయటి నుంచి మీరు వాడటానికి మళ్లీ ఆ కంపెనీల క్లౌడే దిక్కు, కానీ అది న్యాయమైన అవసరమే. మీకున్న ఎనిమిదింటినీ ఇప్పుడే తీసేయక్కర్లేదు. చెడిపోయినవాటిని ఒక్కొక్కటిగా మార్చుకోండి.

కెమెరాలు పెట్టాలనుకుంటున్నానని చివర్లో రాశారు. ఇంట్లో హార్డ్ డిస్క్ ఉన్న రికార్డర్, వేర్వేరు కంపెనీలవి కలిసి పనిచేసేలా చేసే ఆన్‌విఫ్ పద్ధతిని ఒప్పుకునే కెమెరాలు తీసుకోండి. 2 ఎంబీపీఎస్ మీద నడిచే ఒక్క కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ తయారు చేస్తుంది. నాలుగు కెమెరాలు నెలకు 2.6 టీబీ. అంతా క్లౌడ్‌కు పంపడం మామూలు ఇంటికి భారమే. అందుకే చాలా క్లౌడ్ కెమెరాలు ఏదైనా కదిలినప్పుడు చిన్న ముక్క మాత్రమే పంపుతాయి. దొంగ ముందుగా నెట్ వైరు కోస్తే ఆ ముక్క కూడా ఉండదు. రికార్డింగ్ ఇంట్లో ఉండాలి, క్లౌడ్ మీరు బెంగళూరు నుంచి చూడటానికి వాడుకోవాలి. రికార్డర్‌ను హాల్లో టీవీ కింద పెట్టకుండా లోపలి గదిలో అటక మీద పెట్టించండి, గాలి తగిలేలా.

ట్యాంకు మోటారును కూడా స్మార్ట్ స్విచ్ మీద పెట్టాలని అడిగారు. దానికి నెట్ వద్దండి. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్, కింద సంపులో ఇంకో ఫ్లోట్ స్విచ్ వేయించండి. సంపు ఖాళీ అయితే మోటారు లేవదు, ట్యాంకు నిండితే ఆగుతుంది. మీ ఊళ్లోనే ఏ మోటారు మెకానిక్ అయినా ఒక పూటలో బిగిస్తాడు.